నా పేరు మీద ఒక బండి

వనపర్తిలోని బ్యాంకులో లోన్ల పని చూసే అధికారి కంప్యూటర్ తెరను కొంచెం నా వైపు తిప్పి, "ఈ బండి ఎప్పుడు తీసుకున్నరు సార్?" అని అడిగాడు. నాకు వెంటనే కోపం రాలేదు. ముందు ఆ బండి ఏదో చూడాలనిపించింది.

నాకున్నది ఒక పాత స్కూటరు. అది కూడా పైసా అప్పు లేకుండా కొన్నది. తెర మీద ఉన్నది మోటార్ సైకిల్ లోను. నాగర్‌కర్నూల్‌లో ఉన్న ఏదో ఫైనాన్స్ కంపెనీ నా పేరు మీద తొమ్మిది నెలల కింద ఇచ్చింది. మధ్యలో మూడు నెలలు కిస్తీలు ఆగాయి. ఆ మూడు నెలల గళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇది నాది కాదు" అన్నాను.

"పేరు మీదే. పుట్టిన తేదీ మీదే. పాన్ నంబరు గూడ మీదే" అన్నాడతను. మర్యాదగానే అన్నాడు. "ఇది తేలేదాంక మీ ఫైలు ముందుకు పోదు సార్. పైన చూసేటోళ్ళు ఒప్పుకోరు."

నేను గద్వాల పోస్టాఫీసులో గుమాస్తాను. ఇల్లు వనపర్తిలో. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వస్తాను. మా ఇంటికి రేకుల కప్పు. నా భార్య అంగన్‌వాడీ టీచరు. వాన పడితే ఆ రేకుల కింద ఒకరి మాట ఒకరికి వినపడదు. వచ్చే వానాకాలం లోపల స్లాబు వేయించాలని ఇద్దరం అనుకుని లోనుకు పెట్టుకున్నాం. ఇరవై ఏళ్ళలో నేను తీసుకున్న చిన్నా పెద్దా అప్పుల్లో ఒక్క కిస్తీ కూడా తప్పలేదు. అందుకని నా క్రెడిట్ స్కోరు గురించి నాకు కొంచెం గర్వం ఉండేది.

గర్వం ఒక్కటే కాదు, కాపలా కూడా పెట్టుకున్నాను. మా ఆఫీసులో ఒకాయన పేరు మీద ఎవరో ఫోన్లోనే అప్పు తీసి మోసం చేశారు. అప్పటి నుంచి నేను ఏటా చందా కట్టి ఒక యాప్ పెట్టుకున్నాను. మన పేరు మీద ఎవరైనా లోను అడిగినా, తీసుకున్నా, కిస్తీ ఆపినా మనకు సందేశం పంపడమే దాని పని. యాప్ తెరవగానే పెద్ద అక్షరాల్లో "వెంటనే తెలుసుకోండి" అని ఉంటుంది. నేను దాన్ని నమ్మి రెండేళ్ళు నిశ్చింతగా ఉన్నాను.

బ్యాంకులోంచి బయటికి వచ్చి ఆ యాప్ తెరిచాను. అంతా పచ్చగా ఉంది. "మీ ఖాతాల్లో కొత్త మార్పులేమీ లేవు."

సందేశం వచ్చింది. బ్యాంకుకు వెళ్ళొచ్చిన పదకొండో రోజున వచ్చింది. గద్వాల నుంచి వస్తూ పెబ్బేరులో బస్సు ఆగినప్పుడు ఫోను మోగింది. "మీ పేరు మీద కొత్త ఖాతా తెరిచినట్టు గుర్తించాం. ఇది మీరు కాకపోతే వెంటనే మాకు తెలపండి." పక్క సీటాయన నా మొహం చూసి, "ఏమైంది సార్, దవాఖాన ముచ్చటా?" అని అడిగాడు. కాదన్నాను.

కోపం అప్పుడు వచ్చింది. కానీ ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. దాని వెనకే ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది. ఈ కబురు తొమ్మిది నెలలు ఎక్కడుంది?

నా ఉద్యోగం అలాంటిది. ఆలస్యంగా చేరిన ఉత్తరం పట్టుకుని ఎవరైనా కౌంటరు దగ్గరికి వస్తే నేను ముందు కవరు తిప్పి ముద్రలు చూస్తాను. ఎక్కడ వేశారు, ఎక్కడ దిగింది, ఎక్కడ పడుకుంది అన్నది ముద్రల్లో ఉంటుంది. ఈ సందేశం మీద ఏ ముద్రా లేదు.

మర్నాడు భోజనం వేళ యాప్ వాళ్ళ నంబరుకు ఫోన్ చేశాను. పాట వినిపించి వినిపించి చివరికి ఒక అమ్మాయి పలికింది. గొంతు చిన్నది, ఓపిక పెద్దది.

"సార్, మా దగ్గరికి సమాచారం రాగానే మీకు పంపించాము" అంది.

"మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది?"

"నిన్ననే సార్."

"బండి తీసుకుని తొమ్మిది నెలలైందమ్మా. అన్ని నెలలు అది ఎవరి దగ్గరుంది?"

"అది నాకు కనిపించదు సార్. నాకు మా తేదీ ఒక్కటే కనిపిస్తుంది" అంది. ఆ మాట నిజాయితీగా అనిపించింది. ఆ లోను నాది కాదని ఫిర్యాదు నమోదు చేయమన్నాను. చేసింది. ముప్పై రోజుల్లో చూస్తారంది.

ఇంట్లో నా భార్యకు చెబితే, "పోలీసులకు చెప్పు. ఎవడో దొంగ" అంది.

"దొంగైతే కిస్తీలు ఎందుకు కడతడు? మూడు నెలలు ఆపి, మళ్ళ కడుతున్నడు" అన్నాను.

ఆమె కూరగాయల కత్తి కింద పెట్టింది. "మళ్ళ కట్టిండా?"

"కట్టిండు. ఆగిన మూడు గూడ కట్టిండు."

"గదేం దొంగతనం" అంది ఆమె. ఆ తర్వాత నాకన్నా ఆమెకే ఆత్రం ఎక్కువైంది.

డబ్బు కట్టి నా పూర్తి క్రెడిట్ నివేదిక తెప్పించుకున్నాను. అందులో నా చిరునామాల పట్టీ ఉంటుంది. మొదటిది మా ఊరు, కొత్తకోట దగ్గర. రెండోది వనపర్తి. మూడోది ఉప్పునుంతల మండలంలోని ఒక పల్లె. ఆ పల్లె పేరు నేను విన్నాను గానీ, కాలు పెట్టలేదు.

ఆ పక్క పల్లెలకు ఉత్తరాలు చూసే పోస్టుమాస్టరు ఒకామె నాకు తెలుసు. ఎప్పుడో శిక్షణలో పక్కపక్క బల్లల మీద కూర్చున్నాం. ఫోన్ చేసి, నా పేరున్న మనిషి ఆ పల్లెలో ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

"మీ పేరున్నోళ్ళకు కరువా సార్" అని నవ్వింది. నిజమే. పాలమూరు బస్సులో నా పేరు పెట్టి గట్టిగా పిలిస్తే ముగ్గురు తిరిగి చూస్తారు. "ఇంటిపేరు గూడ మీదే ఉన్నాయన ఒకాయన ఉన్నడు. పాలు పోస్తడు. నంబరు నేనియ్య గని, మీ నంబరు ఆయనకిస్త. ఆయనకు ఇష్టమైతే మాట్లాడ్తడు."

అది సరైన పద్ధతి. నేనైనా అదే చేసేవాణ్ని.

సాయంత్రం ఫోను మోగింది. అవతలి మనిషి ముందు తన పేరు చెప్పాడు. నా పేరు ఇంకొకరి నోట్లోంచి, "మాట్లాడుతున్న" అని వినడం చిత్రంగా ఉంది. నేను నా పేరు చెప్పాను.

"సార్, నేనేమన్న తప్పు చేసిన్నా?" అన్నాడు.

"తెల్వదు. మీ బండి నా పేరు మీదుంది" అన్నాను.

"నా బండి నా ఇంటి ముంగటనే ఉంది సార్. ఆర్‌సీ నా పేరుతోనే ఉంది."

"నా పేరు గూడ అదే."

అవతల ఎవరో ఆడమనిషి నవ్విన చప్పుడు. అతను, "జర మా ఇంటికి రాండ్రి సార్. ఫోన్ల నాకు సమజైతలేదు" అన్నాడు.

ఆదివారం బయల్దేరాను. నాగర్‌కర్నూల్‌లో బస్సు మారాను. దారి పొడుగునా పత్తి చేలు. ఎలాంటి మనిషి అయి ఉంటాడోనని ఊహించుకుంటూ పోయాను. బస్సు దిగేసరికి రోడ్డు పక్కన ఒకతను మోటార్ సైకిల్‌కు ఆనుకుని నిలబడి ఉన్నాడు. బండికి రెండు పక్కలా పాల క్యాన్లు పెట్టే ఇనుప చట్రాలు. ఎడమ కాలు కొంచెం వంకరగా పెట్టి నిలబడ్డాడు. నాకన్నా నల్లగా, నాకన్నా బలంగా, నాకన్నా పెద్దగా కనిపించాడు. నేను తొమ్మిది నెలలుగా ఎక్కి తిరుగుతున్నానని బ్యాంకు నమ్మిన బండి అది. నెమ్మదిగా చుట్టూ తిరిగి చూశాను. అతనూ ఏమీ అనకుండా చూడనిచ్చాడు.

"ఎక్కండ్రి సార్" అన్నాడు. ఎక్కాను.

ఇంట్లో అతని భార్య మజ్జిగ ఇచ్చింది. నా పేరే పెట్టి మొగుణ్ని పిలిచింది. నేను తలెత్తాను. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుని, "అగో, ఇద్దరు పలుకుతున్రు" అంది. ఆ నవ్వుతో మధ్యలో ఉన్న బిగువు పోయింది.

కాగితాలు మంచం మీద పరిచాం. ఆధార్ నంబర్లు వేరు. తండ్రుల పేర్లు వేరు. ఊళ్ళు వేరు. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకటే. ఆ తేదీ బడి తెరిచే నెల మొదటి తారీఖు.

"గా తేదీ మీకు ఎవరు పెట్టిన్రు?" అని అడిగాను.

"బడిల సారు రాసిండు. మా అమ్మనడిగితే సజ్జకోతలప్పుడు పుట్టినవ్ అంటది. మీకు?"

"మా హెడ్మాస్టరు. నా తరగతిల సగం మంది అదే రోజు పుట్టినం."

ఎవరో ఇద్దరు పంతుళ్ళు, ఒకరికొకరు తెలియకుండా, వందమైళ్ళు లేని దూరంలో రెండు బళ్ళలో పని తొందరగా ముగించుకోవడానికి ఒకే తేదీ రాశారు. అదిప్పుడు ఈ మంచం మీదికి వచ్చి కూర్చుంది. ఇది నాకు బ్యాంకు గొడవ కన్నా ఆసక్తిగా అనిపించింది. అతనికి పాన్ కార్డే లేదు. "పాన్ కార్డు తెమ్మని వాళ్ళు అడగలే సార్. కంప్యూటర్ల ఉంది అన్నరు" అన్నాడు.

అప్పుడు అతను బండి కొన్న సంగతి చెప్పాడు. ఏళ్ళ తరబడి భార్యాభర్తలు ఇళ్ళు కట్టే పనులకు పుణెకు వలస పోయేవాళ్ళు. వెనక్కి వచ్చి రెండు బర్రెలు కొన్నారు. పాలు సైకిలు మీద కేంద్రానికి చేర్చేసరికి వేసవిలో విరిగిపోయేవి. బండి లోను కోసం రెండు చోట్ల అడిగితే లేదన్నారు.

"మీకు హిస్టరీ లేదన్నరు సార్. హిస్టరీ అంటే ఏందంటే, అప్పు తీసుకోని కట్టినోళ్ళకే ఉంటదంట. అప్పు ఇయ్యకుంటే ఎట్లొస్తది అని అడిగిన. తెల్వదన్నరు." కాలు చాపుకుని కూర్చున్నాడు. "మూడోసారి నాగర్‌కర్నూల్ పోయిన. అక్కడి పిలగాడు కంప్యూటర్ల చూసి లేసి నిలబడ్డడు. మీ హిస్టరీ మస్తు మంచిగుందన్నా, స్కోరు గింతుంది అన్నడు. నన్ను ఏసీ గదిల కూసోబెట్టి చాయ తాపిండు. నాకు సమజ్ గాలే. నేను ఎవర్ని మోసం చేయలే సార్. వాళ్ళిచ్చిన్రు, నేను తీసుకున్న." నా వైపు చూసి, "ఆ చాయ మీది సార్" అన్నాడు.

నా ఇరవై ఏళ్ళ కిస్తీలకు ఎవరూ నాకు చాయ ఇచ్చిన గుర్తు లేదు.

మూడు ఎర్ర గళ్ళ సంగతీ తెలిసింది. వానలో మట్టి రోడ్డు మీద బండి జారి కాలు విరిగింది. మూడు నెలలు మంచంలో ఉన్నాడు. పాలు పక్కింటాయన మోశాడు. లేచాక ముందు ఆగిన కిస్తీలే కట్టాడు.

"గా మూడు నెలలు మీ మీద పడ్డయా?" అని అడిగాడు.

పడ్డాయన్నాను. స్లాబు సంగతి చెప్పాను. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

సోమవారం నేను సెలవు పెట్టాను. ఇద్దరం నాగర్‌కర్నూల్‌లోని ఆ ఫైనాన్స్ ఆఫీసుకు పోయాం. మేనేజరుకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. రెండు ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టుకుని, మా ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూశాడు. అప్పుడు పనిచేసిన కుర్రాడు మానేసి వెళ్ళిపోయాడట. పేరు, తేదీ కొట్టగానే కంప్యూటరు పాత మనిషిని చూపించి, ఈయనేనా అని అడుగుతుంది. ఆ కుర్రాడు అవునని నొక్కాడు. అంతే జరిగింది.

నేను నా ప్రశ్న అడిగాను. "నాకు తొమ్మిది నెలల దాంక ఎందుకు తెల్వలే?"

"మేం నెలకోసారి హెడ్డాఫీసుకు పంపుతం సార్. వాళ్ళు క్రెడిట్ సమాచారం దాచే సంస్థకు పంపుతరు. కాని ఈ బ్రాంచి కొత్తది. మొదట్ల పంపినయన్ని చిరునామాలు కలుస్తలేవని వాపస్ వచ్చినయ్. సరిచేసి మళ్ళ పంపేటాళ్ళకు ఆర్నెల్లు దాటింది."

"మిగతా మూడు నెలలు?"

"అది మీ యాప్ వాళ్ళను అడగాలె సార్."

అడగక్కర్లేకుండానే తర్వాత దొరికింది. ఆ రాత్రి తిరుగు బస్సులో, యాప్‌లో నేను ఎన్నడూ తెరవని షరతుల పేజీ చదివాను. అలాంటి సమాచార సంస్థలు దేశంలో ఒకటి కాదు, కొన్ని ఉన్నాయి. నేను కట్టే చందాకు వాళ్ళు ఒక్క సంస్థను మాత్రమే రోజూ చూస్తారు. మిగిలినవాటిని మూడు నెలలకోసారి తొంగి చూస్తారు. ఈ ఫైనాన్స్ కంపెనీ తన లెక్కలు పంపేది ఆ మిగిలినవాటిలో ఒకదానికి. బ్యాంకు అధికారి నేరుగా ఆ సంస్థనే అడిగాడు, అందుకే అతనికి ముందు తెలిసింది. "వెంటనే" అన్న మాట అబద్ధం కాదు. ఎక్కడి నుంచి వెంటనే అన్నదే వాళ్ళు పెద్ద అక్షరాల్లో రాయలేదు. బస్సులో కూర్చుని ఆ దారంతా ఒక్కొక్క మజిలీగా మనసులో కలుపుకుంటుంటే, నిజం చెప్పాలంటే, నాకు కొంత సంతోషమే కలిగింది. నష్టం నాదే అయినా, ఎక్కడ ఆగిందో తెలిసింది.

కానీ ఆ ఆఫీసులో జరిగిన ఇంకొక మాట చెప్పాలి. మేనేజరు తప్పు దిద్దడానికి కాగితం రాస్తుంటే పాలాయన నెమ్మదిగా అడిగాడు. "ఇది సరిచేస్తే బండి గుంజుకపోతరా సార్?"

"లేదన్నా. కిస్తీలు కడుతున్నవ్ గద. బండికేం కాదు. నీ రికార్డు నీకొస్తది, అంతే."

"నాకేమొస్తది?"

మేనేజరు తెర చూశాడు. "ఈ ఒక్క లోను. దాంట్ల మూడు నెలలు లేటు."

పెన్ను పట్టుకున్న నా చెయ్యి ఆగింది. నా సంతకం పడగానే ఇరవై ఏళ్ళ మంచి పేరు అతని దగ్గర్నుంచి నాకు వచ్చేస్తుంది. అతనికి విరిగిన కాలి మూడు నెలలు మిగులుతాయి. అవి అతనివేనని నాకు తెలుసు. అయినా సంతకం పెట్టలేక అతని వైపు చూశాను.

"పెట్టుండ్రి సార్" అన్నాడు. "కాలు నాది విరిగింది. మీరెందుకు మోస్తరు?"

పెట్టాను. బయటికి వచ్చి చాయ తాగాం. డబ్బులు అతనే ఇచ్చాడు, నన్ను ఇవ్వనివ్వలేదు. ఆ పక్కనే మీ సేవలో అతనికి పాన్ కార్డుకు దరఖాస్తు పెట్టించాను.

దిద్దుబాటుకు ముప్పై రోజులన్నారు, యాభై దాకా పట్టింది. మధ్యలో నేను వారానికోసారి ఆ సమాచార సంస్థకు ఫోన్ చేశాను. ప్రతిసారీ కొత్త గొంతు, మొదటి నుంచి కొత్తగా కథ. చివరికి బ్యాంకు అధికారే ఫోన్ చేసి, "బండి పోయింది సార్, వచ్చి సంతకం పెట్టండ్రి" అన్నాడు. మొదటి వానకు వారం ముందు స్లాబు పోశారు. మేస్త్రీలు దాని మీద నీళ్ళు నిలబెట్టిన రోజున యాప్ నుంచి సందేశం వచ్చింది, నా నివేదికలో ఒక ఖాతా తీసేశారని. నా భార్యకు చూపిస్తే, "గిప్పుడు చెప్తుండ్రా" అని పని చూసుకుంది. ఆ ఏడాది చందా అయిపోయాక నేను మళ్ళీ కట్టలేదు. ఇప్పుడు నెలకోసారి ఒక్కొక్క సంస్థ నివేదిక నేనే తీసి చూసుకుంటున్నాను.

దసరా సెలవుల ముందు పాలాయన ఫోన్ చేశాడు. పాన్ కార్డు వచ్చిందట. పోస్టుమాస్టరమ్మ దగ్గర కూర్చుని తన స్కోరు మొదటిసారి చూసుకున్నాడట. అంకె చెప్పాడు.

"ఇది ఎక్కువనా సార్, తక్కువనా?"

"మధ్యల ఉంది. గిట్లనే కట్టుకుంట పోతే ఏడాదిల పెరుగుతది" అన్నాను.

"మంచిది." అతను ఫోను పెట్టలేదు. ఇంకేదో అడగాలని ఉన్నట్టుంది. "సార్, ఇదంత నాదేనా? వేరేటోళ్ళది ఏం కలవలే గద?"

కింద ఖాతాల పట్టీ ఉంటుంది, చదవమన్నాను. అతను పక్కనే ఉన్న పోస్టుమాస్టరమ్మతో చదివించి, ఆమె చెప్పింది నాకు చెప్పాడు.

"ఒక్కటే ఉందంట. బండి."

"అయితే మొత్తం మీదే" అన్నాను.